సంతలో నాణేల వేట: బల్ల మీది డాలరా, డబ్బాలోని చిల్లరా?

ప్రశ్న: కొంతకాలంగా సెలవు దొరికినప్పుడల్లా పాతసామాన్ల సంతలకూ, ఇళ్ల ముందు పాత వస్తువులు పెట్టి అమ్మే గ్యారేజ్ సేల్స్‌కూ వెళ్లి పాత నాణేలు వెతుకుతున్నాను. ఈమధ్య ఒక బల్ల మీద, 1889 నాటిదని చీటీ పెట్టిన అమెరికన్ మోర్గాన్ వెండి డాలరు కనిపిస్తే మంచి బేరమనుకొని కొన్నాను. ఇంటికి వచ్చి చూస్తే అది అయస్కాంతానికి అతుక్కుంది. అదే రోజు మరొక చోట ఒక రేకు డబ్బాలో గుండీలతో కలిసిపోయి ఉన్న నల్లటి చిల్లరను చాలా చౌకగా తెచ్చుకున్నాను. అందులో కొన్ని వెండి నాణేలని తేలింది. ఇలాంటి చోట్ల అసలు దేనికోసం వెతకాలి, ఏం నేర్చుకొని వెళ్లాలి, నల్లబడినవాటిని తోమవచ్చా, అమ్మేవారికి విలువ తెలియనప్పుడు మనం చెప్పాలా అన్నవి నా సందేహాలు.

సమాధానం: మీకు ఒకే రోజు ఎదురైన ఈ రెండు అనుభవాలలోనే మీ మొదటి ప్రశ్నకు చాలావరకు జవాబు ఉంది. చీటీ పెట్టి, అద్దాల పెట్టెలో ఉంచి, ఫలానా నాణెమని పేరు చెప్పి అమ్ముతున్నదాన్ని మీకంటే ముందు ఎందరో చూసి ఉంటారు. అది నిజంగా అసలుదై, నిజంగా చౌకదై ఉంటే తెల్లవారకముందే టార్చిలైటు పట్టుకుని సంతకు వచ్చే వ్యాపారుల చేతిలో అప్పటికే ఉండేది. గుండీల డబ్బాను మాత్రం ఎవరూ ఏరలేదు. కాబట్టి సంతలో వెతకవలసింది అరుదైన నాణెం కోసం కాదు, ఎవరూ వేరుచేసి చూడని చిల్లర కోసం. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే, దేనిముందు నిలబడాలో, దేన్ని దాటుకొని పోవాలో మీకే తెలుస్తుంది.

దీని వెనుక ఒక లెక్క ఉంది. నకిలీలు చేసేవారు శ్రమపడేది అందరూ గుర్తుపట్టే పెద్ద నాణేల కోసమే. మోర్గాన్ డాలరు, 1873 నుంచి 1885 వరకు ముద్రించిన అమెరికన్ ట్రేడ్ డాలరు, ఒకప్పటి చైనా అధ్యక్షుడు యువాన్ షికాయ్ బొమ్మ ఉన్న ఆ దేశపు వెండి డాలరు, విక్టోరియా, జార్జి రాజుల బొమ్మలున్న వెండి రూపాయి వంటివి సంతల్లో ఎక్కడ చూసినా కనిపించడానికి కారణం అదే. అరిగిపోయిన పది సెంట్ల వెండి బిళ్లకు, పాత షిల్లింగుకు నకిలీ చేస్తే వాడికి మిగిలేది తక్కువ. అందువల్ల సాదా చిల్లరలో మోసపోయే అవకాశం తక్కువ, ఒకవేళ మోసపోయినా పోయేది కూడా తక్కువే.

గ్యారేజ్ సేల్‌కూ సంతకూ ఉన్న తేడాను కూడా గమనించండి. గ్యారేజ్ సేల్‌లో అమ్మేవారు వ్యాపారులు కారు. ఇల్లు ఖాళీ చేస్తున్నవారో, పెద్దవాళ్లు పోయాక వారి వస్తువులు సర్దుతున్నవారో అయివుంటారు. నాణేలను బట్టలతో, పుస్తకాలతో పాటు బయట పరచాలన్న ఆలోచన వారికి సాధారణంగా రాదు. అందువల్ల అడగాలి. పలకరించి, ఒకటి రెండు వస్తువులు చూసి, "పాత నాణేలు, విదేశీ చిల్లర లాంటివి ఏమైనా ఉన్నాయా?" అని మర్యాదగా అడిగితే, లోపలికి వెళ్లి సొరుగులోంచి ఒక సంచీ తెచ్చి ఇచ్చేవారు ఉంటారు. అడగకుండా తిరిగివస్తే ఆ సంచీ అక్కడే ఉండిపోతుంది. అడగడంతో పాటు కుట్టుసామాను పెట్టెలు, గుండీల సీసాలు, పాత పర్సులు, గిల్టు నగల పెట్టెలు, బల్ల సొరుగుల అడుగుభాగాలు చూడండి. సంతలో అయితే, ఇళ్లు ఖాళీ చేయించి సామానంతా గంపగుత్తగా కొని తెచ్చి కుప్పగా పోసేవారి దగ్గర ఆగండి. నాణేలే అమ్మే బల్ల దగ్గర నేర్చుకోవడానికి నిలబడవచ్చు గానీ, అక్కడ అదృష్టం కలిసివస్తుందని ఆశ పెట్టుకోకండి. ధరలన్నీ ఆ వ్యాపారికి తెలుసు.

ఇక నేర్చుకొని వెళ్లవలసిన సంగతి. కొత్తగా మొదలుపెట్టినవారు ప్రపంచంలోని నాణేలన్నిటినీ తెలుసుకోవాలని ఆరాటపడతారు. దానికంటే ముందు, లోహం మారిన సంవత్సరాలను కంఠతా పట్టడం చాలా ఎక్కువ ఉపయోగం. అమెరికాలో 1964 వరకు తేదీ ఉన్న పది సెంట్లు, పావు డాలరు, అర డాలరు నాణేలలో 90 శాతం వెండి ఉంటుంది. 1965 నుంచి 1970 వరకు అర డాలరులో అది 40 శాతానికి తగ్గింది. బ్రిటన్‌లో 92.5 శాతం వెండితో నడిచిన నాణేలు 1920లో సగానికి పడిపోయాయి, 1947 నుంచి వెండి పూర్తిగా పోయి రాగి, నికెల్ మిశ్రమం వచ్చింది. ఆస్ట్రేలియాలో అదే 92.5 శాతం 1946లో సగమైంది. కెనడాలో 1920 నుంచి 1966 వరకు 80 శాతం. 1967వాటిలో కొన్నిటిలో వెండి 50 శాతమే, 1968వి కొన్ని వెండివి, కొన్ని కావు గనుక విడిగా చూడాలి. స్విట్జర్లాండులో అర ఫ్రాంకు, ఒక ఫ్రాంకు, రెండు ఫ్రాంకుల నాణేలు 1967 వరకు 83.5 శాతం వెండివి. బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. 1940 నుంచి సగమే వెండి, 1947 నాటి రూపాయి నికెల్‌ది. ఈ సంవత్సరాలు నోటికి వచ్చినవారు దోసెడు చిల్లరను నిమిషంలో ఏరగలరు. రానివారు ఒక్కొక్క నాణెం గురించీ ఫోనులో వెతుకుతూ, అమ్మేవారికి అనుమానం కలిగిస్తూ నిలబడతారు.

తేదీ కంటే ముందు కన్ను అంచు మీద పడాలి. అమెరికన్ పావు డాలర్లను ఒకదానిమీద ఒకటి పేర్చి పక్కనుంచి చూడండి. 1965 నుంచి వచ్చిన వాటి అంచులో రెండు తెల్లని పొరల మధ్య ఎర్రటి రాగి చార స్పష్టంగా కనబడుతుంది, ఎందుకంటే అవి రాగి పలకకు రెండువైపులా రాగి, నికెల్ మిశ్రమాన్ని అతికించి చేసినవి. వెండిదైతే అంచు అంతా ఒకే తెలుపు, లేదా ఒకే మసకబారిన బూడిదరంగు. పేర్చిన నాణేలలో ఆ ఎర్ర చార లేనిది ఒక్కటి ఉన్నా, తేదీ చదవనక్కరలేకుండానే కన్ను అక్కడ ఆగిపోతుంది. చాలామంది వదిలేసే మరొకటి 1942 నుంచి 1945 వరకు యుద్ధకాలంలో వచ్చిన అమెరికన్ ఐదు సెంట్ల నాణెం. నికెల్ యుద్ధ అవసరాలకు పోవడంతో, దాని బదులు 56 శాతం రాగి, 35 శాతం వెండి, 9 శాతం మాంగనీసు కలిపి కొట్టారు. బొరుసు వైపు భవనం గోపురానికి పైన పి, డి, ఎస్ అక్షరాలలో ఒకటి పెద్దదిగా ఉంటే అది ఆ రకం. అరిగాక అవి మురికిపట్టినట్టు అవుతాయి గనుక, చూడటానికి అన్నిటికంటే పనికిమాలినవిగా కనబడతాయి.

పాతదైతే ఖరీదైనదన్న భ్రమను మాత్రం ఇంటి దగ్గరే వదిలి వెళ్లండి. నాలుగో శతాబ్దపు రోమన్ కంచు నాణేలు లెక్కకు మించి దొరికాయి, అరిగినవాటికి పెద్ద విలువ లేదు. మోర్గాన్ డాలర్లలోనూ 1921 సంవత్సరంలో ఫిలడెల్ఫియా టంకశాల ఒక్కటే 4 కోట్ల 40 లక్షలకు పైగా ముద్రించింది. వయసు కాదు, ఎన్ని మిగిలాయి, ఏ స్థితిలో మిగిలాయి, ఎందరికి కావాలి అన్న మూడింటి మీదే విలువ ఆధారపడుతుంది.

వెంట తీసుకెళ్లవలసినవి ఎక్కువ లేవు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, గ్రాములో నూరో వంతు వరకు చూపే చిన్న ఎలక్ట్రానిక్ తూనిక, మందం, వ్యాసం కొలిచే వెర్నియర్ కాలిపర్, ఒక చిన్న అయస్కాంతం, నాణేలు పెట్టుకునే కవర్లు, చిల్లర నోట్లు ఉంటే చాలు. అయితే అయస్కాంతం చెప్పే మాటను సరిగా అర్థం చేసుకోవాలి. అతుక్కున్న వెండి నాణెం ముమ్మాటికీ వెండి కాదు. కానీ అతుక్కోనంత మాత్రాన అది వెండి అయిపోదు, ఎందుకంటే రాగి, ఇత్తడి, సీసం, జింకు, రాగి-నికెల్ మిశ్రమం కూడా అతుక్కోవు. మరోవైపు, అతుక్కున్న ప్రతిదీ నకిలీ కూడా కాదు. 1943 నాటి అమెరికన్ ఉక్కు సెంటు, నికెల్‌తో చేసిన కెనడా నాణేలు అయస్కాంతానికి అతుక్కోవడమే సహజం. అంటే ఏ నాణెం ఏ లోహంతో చేసిందో ముందు తెలిసి ఉండాలి, ఆ తరువాతే అయస్కాంతం పనికివస్తుంది.

అయస్కాంతం కంటే తూనికను నేను ఎక్కువగా నమ్ముతాను. మోర్గాన్ డాలరు బరువు 26.73 గ్రాములు, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు. 90 శాతం వెండి మిశ్రమం సాంద్రత, అంటే ఒక ఘన సెంటీమీటరు బరువు, సుమారు 10.3 గ్రాములు, ఇనుముది 7.87. అదే కొలతలతో ఇనుప బిళ్ల చేస్తే దాని బరువు దాదాపు 20 గ్రాముల దగ్గరే ఆగిపోతుంది. బరువు సరిపెట్టాలంటే నకిలీ చేసేవాడు మందం పెంచక తప్పదు, కాలిపర్ దాన్ని పట్టేస్తుంది. మీ డాలరును ఒకసారి ఈ విధంగా తూచి, కొలిచి చూడండి, దాని మోసం ఎక్కడెక్కడ ఉందో మీకే తెలుస్తుంది. ఆ తరువాత దానిమీద నకిలీ అని రాసిన కవరులో పెట్టి, అసలు నాణేలతో పోల్చి చూసుకోవడానికి ఉంచుకోండి. పెట్టిన డబ్బు రాబట్టుకోవాలని మరొకరికి అసలుదని అమ్మడం మాత్రం నేరం. అరిగిన నాణెం తన బరువులో కొంత కోల్పోవడం మామూలే గనుక కాస్త తక్కువ తూగితే కంగారు పడనక్కరలేదు. ఉండవలసినదానికంటే ఎక్కువ తూగే నాణేన్నే గట్టిగా అనుమానించాలి.

ఇంట్లో తీరికగా ఉన్నప్పుడు సాంద్రతను నేరుగా కూడా కొలవవచ్చు. తూనిక మీద నీళ్లు పోసిన గ్లాసు పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, నాణేన్ని సన్నని దారానికి కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా నీటిలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అప్పుడు తూనిక చూపే గ్రాముల సంఖ్యే ఘన సెంటీమీటర్లలో ఆ నాణెం ఘనపరిమాణం. నాణెం బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. అసలు మోర్గాన్ డాలరుకు తూనిక 2.6 దగ్గర ఆగుతుంది, 26.73ను దానితో భాగిస్తే 10.3 వస్తుంది. పని అయ్యాక నాణేన్ని రుద్దకుండా, మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టండి.

అయినా మంచి నకిలీ బరువు పరీక్ష కూడా నెగ్గవచ్చు. అప్పుడు కళ్లే దిక్కు. నాణేన్ని అంచు పట్టుకొని వెలుతురులో వంచి, ముందు అంచు చుట్టూ తిప్పి చూడండి. పోత పోసినదైతే అంచు మధ్యన రెండు సగాలు కలిసిన సన్నని అతుకు, లేదా దాన్ని ఆకురాయితో రాసిన ఆనవాలు కనబడవచ్చు. అంచు గాట్లు ఒకచోట లోతుగా, ఒకచోట పూడుకుపోయినట్టు ఉంటే అది మంచి గుర్తు కాదు. తరువాత భూతద్దంలో అక్షరాలు తలాన్ని కలిసే మూలలు చూడండి. అచ్చుకొట్టిన నాణెంలో ఆ మూలలు తెగినట్టు స్పష్టంగా ఉంటాయి. పోత నాణెంలో అక్షరాలు అరిగిన సబ్బుబిళ్ల మీది పేరులా మొద్దుబారి, ఖాళీ తలంలో సూదిమొనంత గుంతలు కనబడతాయి. ఇది ఒకటి రెండు సార్లకు వచ్చే నేర్పు కాదు. అందుకే మీ దగ్గర ఎంచుకున్న రకానికి చెందిన అసలు నాణెం ఒకటైనా, ఎంత అరిగినదైనా సరే, నమ్మకమైనవారి దగ్గర కొని పెట్టుకోండి. పోల్చడానికి అసలుది చేతిలో లేనప్పుడు ఫొటోలు ఇచ్చే సాయం అంతంత మాత్రమే.

భూతద్దం కూడా అవసరం లేని పరీక్ష ఒకటుంది. అది చరిత్ర. మోర్గాన్ డాలర్లను మొదట ముద్రించింది 1878 నుంచి 1904 వరకు, తిరిగి 1921లో. అమెరికా టంకశాల 2021 నుంచి సేకరించేవారి కోసం మళ్లీ కొన్ని తెచ్చింది. కాబట్టి 1865 అనో, 1912 అనో తేదీ వేసి ఉన్న మోర్గాన్ డాలరు ఎంత చక్కగా ఉన్నా బొమ్మ సామానే. డెన్వర్ టంకశాల నాణేలు కొట్టడం మొదలుపెట్టింది 1906లో. అందువల్ల 1889 తేదీతో, బొరుసు వైపు డి అనే గుర్తుతో ఉన్న డాలరు ఉండడానికి వీల్లేదు. అదేవిధంగా ఈస్టిండియా కంపెనీ పేరుతో, ఒకవైపు దేవుళ్ల బొమ్మలతో, 1616, 1717, 1818 వంటి తేదీలతో దొరికే ఇత్తడి, రాగి అణా, అర్ధణా బిళ్లలు ఏనాడూ చలామణిలో ఉన్న డబ్బు కావు. కంపెనీ పాలించిన ప్రాంతాలన్నిటికీ ఒకే రకం నాణేలు వచ్చింది 1835లో. ఈ బిళ్లలకు మహిమలు, కోట్ల విలువ అంటగట్టి చెప్పేవారి దగ్గర ఒక్క క్షణం కూడా నిలబడకండి. బొమ్మా బొరుసుల అమరిక కూడా పనికివస్తుంది. అమెరికన్ నాణేన్ని బొమ్మ నిటారుగా ఉండేలా పట్టుకొని, పుస్తకం పుట తిప్పినట్టు పక్కకు తిప్పితే, బొరుసు తలకిందులుగా రావాలి. నిటారుగా వస్తే అనుమానించాలి.

అరుదైన తేదీల విషయంలో మోసం ఇంకొంచెం సన్నంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ నాణెం అసలుదే, దాని మీది గుర్తే దొంగది. 1909లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపకర్త పొడి అక్షరాలైన విడిబి తో ముద్రించిన లింకన్ సెంట్లు 4,84,000 మాత్రమే. 1916లో డెన్వర్‌లో ముద్రించిన పది సెంట్లు 2,64,000. మామూలు నాణేనికి ఎస్ అనో, డి అనో అక్షరం అతికించి వీటిగా చెలామణి చేస్తారు. 1943 నాటి రాగి సెంటు కథ అందరికీ తెలిసిందే. ఆ ఏడాది సెంట్లను ఉక్కుతో చేయగా, పొరపాటున రాగి మిశ్రమంతో పడ్డవి చాలా కొద్ది. సంతలో కనబడే 1943 రాగి సెంట్లు చాలావరకు రాగి పూత పూసిన ఉక్కువే, అయస్కాంతం వాటిని పట్టిస్తుంది. మరికొన్ని 1948 నాటి సెంటులో 8ని గీకి 3గా మార్చినవి. వీటిని అయస్కాంతం పట్టదు, అంకె ఆకారం చూడాలి. ఈ స్థాయి నాణెం కొనాలని నిజంగా ఉంటే, నాణేలను పరీక్షించే సంస్థలలో 1986లో మొదలైన పీసీజీఎస్ గాని, 1987లో మొదలైన ఎన్‌జీసీ గాని పరీక్షించి ప్లాస్టిక్ పెట్టెలో భద్రపరిచినదే తీసుకోండి. ఆ పెట్టెలకూ నకిలీలు వచ్చాయి గనుక, డబ్బు ఇచ్చే ముందే పెట్టె మీది సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైటులో సరిచూసి, అక్కడి ఫొటోతో మీ చేతిలోని నాణేన్ని పోల్చండి.

బేరం విషయంలో నా సలహా క్లుప్తమే. డబ్బాలోంచి మంచి నాణెం ఒక్కటి తీసి దాని ధర అడిగితే, అమ్మే మనిషికి అది మంచిదని మీరే చెప్పినట్టవుతుంది. డబ్బా మొత్తానికి ధర అడగండి. ముందే మనసులో ఒక హద్దు గీసుకోండి. ఆ హద్దును లెక్కకట్టే విధానం తేలిక: నాణెం బరువును వెండి పాలుతో గుణించి, ఆనాటి గ్రాము వెండి ధరతో మళ్లీ గుణించాలి. అమెరికన్ వెండి పావు డాలరు బరువు 6.25 గ్రాములు గనుక అందులో అసలు వెండి 5.6 గ్రాములు. 12.5 గ్రాముల అర డాలరులో 11.25 గ్రాములు. 1940కి ముందరి రూపాయిలో దాదాపు 10.7 గ్రాములు. అరిగిన సాధారణ తేదీ నాణేనికి ఈ లోహం విలువకు మించి ఇవ్వకండి. ఎదుటివారి వస్తువును చిన్నచూపు చూసి ధర తగ్గించే పద్ధతి నాకు నచ్చదు. అది పనిచేయదు కూడా. అదే మనిషి దగ్గరికి వచ్చే వారం మళ్లీ వెళ్లవలసి రావచ్చు.

విదేశీ చిల్లర సంచులను చాలామంది చెత్తగా చూస్తారు, కానీ వాటిలోనే ఎవరూ ఏరనివి ఎక్కువగా ఉంటాయి. యూరోకు ముందరి జర్మన్ డాయిష్ మార్కులు కనబడితే పక్కన పెట్టండి. జర్మనీ కేంద్ర బ్యాంకు ఆ పాత మార్కులను ఒక యూరోకు 1.95583 మార్కుల చొప్పున, గడువేమీ లేకుండా ఇప్పటికీ మార్చి ఇస్తుంది. అందులోనూ 1951 నుంచి 1974 వరకు తేదీ ఉన్న ఐదు మార్కుల నాణెం 62.5 శాతం వెండిది, బరువు 11.2 గ్రాములు, కాబట్టి దాన్ని మార్పిడికి ఇచ్చే ముందు వెండి లెక్క వేసుకోవాలి. ఫ్రెంచి ఫ్రాంకు నాణేల గడువు మాత్రం 2005 ఫిబ్రవరిలోనే ముగిసింది. సంచిలో పేరు తెలియని నాణెం ఏదైనా దొరికితే, నుమిస్టా వంటి ఉచిత వెబ్ జాబితాలో దేశం, సంవత్సరం, బరువు ఇచ్చి చూస్తే లోహమేదో తెలిసిపోతుంది.

తోమడం గురించి అడిగారు. తోమకండి. వెండి నల్లబడటమంటే గాలిలోని గంధకంతో కలిసి పైపొర వెండి సల్ఫైడుగా మారడం. ఆ నలుపును తోమి తీస్తే దానితోపాటు లోహమూ కొంత పోతుంది. పొడులు, టూత్‌పేస్ట్ వేసి రుద్దితే తలం మీద వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి, భూతద్దంలో చూసేవారికి అవి వెంటనే కనబడతాయి. వెండిని మెరిపించే ద్రావకంలో ముంచితే గీతలు పడవు గానీ, అచ్చుకొట్టినప్పుడు లోహం పారిన సన్నని గీరలు కరిగిపోయి, వెలుగులో తిప్పినప్పుడు కనబడే ఆ కదిలే మెరుపు చచ్చిపోతుంది. ఒకసారి తోమిన నాణేనికి పరీక్షా సంస్థలు దాని స్థితిని తెలిపే మామూలు గ్రేడు ఇవ్వవు, లోపం పేరు రాసి పంపుతాయి. నల్లటి నాణేన్ని మెరిపిస్తే విలువ పెరుగుతుందన్న ఒక్క నమ్మకం వల్ల పాడైన మంచి నాణేలు ప్రతి సంతలోనూ తళతళలాడుతూ కనిపిస్తాయి.

చేయదగినది కొంచెమే. మట్టి, దుమ్ము ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా తీసి అద్ది ఆరబెట్టవచ్చు. మెత్తని పీవీసీ కవర్లలో ఏళ్లపాటు ఉన్న నాణేల మీద ఆకుపచ్చని జిగట చేరుతుంది. ఆ ప్లాస్టిక్ పాడవుతూ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది, అది లోహాన్ని తినేస్తుంది. ఆ జిగటను స్వచ్ఛమైన అసిటోన్ కరిగిస్తుంది, లోహాన్ని ముట్టదు. గాజు గిన్నెలో పోసి, గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా ఈ పని చేయండి. గోళ్ల రంగు తుడిచే ద్రవాల్లో రంగులు, నూనెలు కలుస్తాయి గనుక అవి పనికిరావు. రాగి, కంచు నాణేల మీద పొడిపొడిగా రాలే లేత ఆకుపచ్చ చిలుము కనబడితే దాన్ని మిగతావాటి నుంచి వేరుగా ఉంచండి. దాచుకోవడానికి పీవీసీ లేని పాలియెస్టర్ కవర్లే వాడండి. కొనే ముందు రంధ్రాలు, టాంకా వేసిన గుర్తులు కూడా చూసుకోవాలి. లాకెట్‌గా చేసి తొడిగిన నాణేనికి సేకరణ విలువ చాలావరకు పోయినట్టే, లోహం లెక్క మాత్రం మిగులుతుంది.

చివరి ప్రశ్న అన్నిటికంటే కష్టమైనది, దానికి అందరూ ఒకే జవాబు చెప్పరు. వ్యాపారి దగ్గర మీకు తెలిసింది మీ శ్రమ ఫలితం. ఆయనకూ తూనిక ఉంది, ఫోను ఉంది, ఆయన ధర చెప్పాడు, మీరు ఇచ్చారు. అందులో తప్పేమీ లేదు. గ్యారేజ్ సేల్‌లో సంగతి వేరు. అక్కడ నేను పాటించేది ఒకటే: అడగని మాట చెప్పకపోవడం వేరు, అడిగినదానికి అబద్ధం చెప్పడం వేరు. "ఇది ఎంత చేస్తుందంటారు?" అని నేరుగా అడిగితే, ఉన్నది చెప్పాలి. గుప్పెడు వెండి చిల్లర విషయంలో మౌనంగా కొనడం తప్పని నేను అనను. కానీ తండ్రి పోయిన ఇంట్లో పిల్లలు బంగారు నాణేన్ని ఇత్తడి బిళ్లల్లో కలిపి అమ్మేస్తుంటే, దాన్ని చేతిలో పట్టుకొని ఏమీ తెలియనట్టు నిలబడడం నా వల్ల కాదు. చెప్పి, న్యాయమైన ధర ఇవ్వగలిగితే ఇవ్వండి, లేకపోతే ఎక్కడ చూపించుకోవాలో చెప్పి రండి. అలా చెప్పినవారిని పిలిచి మిగతా పెట్టెలు కూడా చూపించే సందర్భాలు తక్కువేమీ కాదు, అయితే ఆ ఆశతో మాత్రం చెప్పకండి.

దీనికి ఆనుకొని ఉన్నవే మరో రెండు జాగ్రత్తలు. పూర్తి ఆల్బం తెచ్చి, అందులో ఏముందో తనకే తెలియకుండా, తొందరపడి చిల్లర ధరకు ఇచ్చేస్తానన్నవారి దగ్గర కొనకండి, అది ఎవరి ఇంట్లోంచో పోయినది కావచ్చు. మట్టి అంటుకుని ఉన్న పురాతన నాణేల జోలికి కూడా పోవద్దు. భూమిలో దొరికిన నిధులపై భారతదేశంలో 1878 నాటి చట్టం, బ్రిటన్‌లో 1996 నాటి చట్టం ఉన్నాయి. ఇటలీ, టర్కీ, ఈజిప్టు వంటి దేశాలలో అలా దొరికినవి ప్రభుత్వానివే. ఆ నాణెం ఎలా బయటికి వచ్చిందో చూపే పత్రం అమ్మేవారి దగ్గర లేకపోతే, అది అసలుదైనా, నకిలీదైనా మీకు చిక్కే. అసలువాటిని పోలి చేసే నకలు నాణేల సంగతి కూడా తెలిసి ఉండాలి. అమెరికాలో 1973 నాటి చట్టం ప్రకారం అలాంటి వాటి మీద అది నకలని తెలిపే కాపీ అన్న మాట ఉండాలి. ఆ మాటను గీకేసిన ఆనవాలు ఏ నాణెం మీదైనా కనబడితే, దాన్ని బల్ల మీద పెట్టేసి వచ్చేయండి.